క్రాలర్ చూసిపోయింది, పేజీ మాత్రం లిస్టులో లేదు

కొత్త సైట్‌ను సెర్చ్‌లోకి ఎక్కించే ముందు నేను తేల్చుకున్నది ఒక్కటే: సొంత ఇండెక్స్, అంటే వెతకడానికి సిద్ధం చేసుకున్న పేజీల లిస్టు, ఎవరికి ఉంది, అరువు ఎవరు తెచ్చుకుంటున్నారు? గూగుల్, బింగ్, యాండెక్స్ తమ క్రాలర్లను, అంటే వెబ్‌పేజీలను తిరిగి చదివే ప్రోగ్రాములను, తామే తిప్పుకుంటాయి. డక్‌డక్‌గో మామూలు లింకుల్లో చాలావరకు బింగ్‌వే. డాగ్‌పైల్ లాంటి మెటా సెర్చ్‌లు వేరే ఇంజిన్లను అడిగి, వచ్చినవాటిని కలిపి చూపిస్తాయి. వీటికి మనం విడిగా సైట్ ఇచ్చేదేమీ ఉండదు. మనుషులు చూసి వర్గాలవారీగా చేర్చే పెద్ద డైరెక్టరీల రోజులు పోయాయి. యాహూ డైరెక్టరీ 2014 చివర్లో, డీమోజ్ 2017 మార్చిలో మూతపడ్డాయి. కాబట్టి ‘వందల ఇంజిన్లలో మీ సైట్ చేరుస్తాం’ అనేవాళ్లకు డబ్బు కట్టడం శుద్ధ దండగ.

అలా నా పని ముఖ్యంగా రెండు చోట్లకు కుదించుకుపోయింది. సైట్ యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో డొమైన్ ప్రాపర్టీ ఎంచుకుని, సైట్ నాదేనని నిరూపించడానికి వాళ్లిచ్చిన టీఎక్స్‌టీ రికార్డును (ఒక చిన్న టెక్స్ట్ వరుసను) డొమైన్ పేరు వివరాలుండే డీఎన్‌ఎస్‌లో పెట్టాను. దీంతో సబ్‌డొమైన్లన్నీ ఒకే ఖాతా కిందికి వస్తాయి. బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్‌లో మళ్లీ నిరూపించుకోనక్కర్లేదు, కన్సోల్ నుంచే దిగుమతి చేసుకోవచ్చు.

సైట్‌మ్యాప్ అంటే సైట్‌లోని పేజీల చిరునామాల జాబితా. ఒక్కో ఫైల్‌లో 50,000 చిరునామాలు, కుదించకముందు 50 ఎంబీ దాటకూడదు. చిన్న సైట్‌కు అది సమస్యే కాదు. పేజీ ఎప్పుడు మారిందో చెప్పే తేదీల దగ్గరే తేడా కొడుతుంది. ఫైల్ తయారైన ప్రతిసారీ అన్ని పేజీలకూ ఆ రోజు తేదీ పడుతుంటే గూగుల్ ఆ తేదీలను నమ్మడం మానేస్తుంది. ఏ పేజీ ముఖ్యమో చెప్పే ప్రయారిటీ అంకెలనైతే అసలే పట్టించుకోదు.

నాకు ఎక్కువ సమయం తిన్నది సైట్‌ను సరిచూసుకోవడానికి పెట్టిన పరీక్ష పేజీల వ్యవహారం. అవి ఫలితాల్లో కనబడకూడదని క్రాలర్లకు సూచనలుండే రోబోట్స్ ఫైల్‌లో ‘డిజాలో’ (ఇటు రావద్దు) అని రాసి, జాగ్రత్త కోసం పేజీలోనూ ‘నోఇండెక్స్’ (లిస్టులో చేర్చొద్దు) అని పెట్టాను. అయినా వివరణ లేకుండా ఉత్త చిరునామాలు ఫలితాల్లో తేలాయి. తలుపు మూసేసి, లోపలి గోడకు నోటీసు అంటించినట్టన్నమాట. ‘డిజాలో’ ఆపేది రాకపోకలనే, లిస్టులో చేర్చడాన్ని కాదు. వేరే చోట ఉన్న లింకు ద్వారా చిరునామా తెలిస్తే చాలు, అది ఎక్కేయగలదు. లోపలికి రాని క్రాలర్‌కు నోఇండెక్స్ ఎలా కనబడుతుంది? ‘డిజాలో’ వరుస తీసేసి నోఇండెక్స్‌ను మాత్రం ఉంచాను. గూగుల్ రోబోట్స్ ఫైల్ నకలును మామూలుగా 24 గంటల దాకా దాచుకుంటుంది కనుక మార్పు వెంటనే కనబడదు. ఆ తర్వాత క్రాలర్ ఆ పేజీలకు మళ్లీ వస్తేనే అవి రాలిపోతాయి.

కన్సోల్‌లో ఇండెక్స్ కాని పేజీల కారణాలు రెండు అచ్చం ఒకేలా అనిపిస్తాయి. ‘డిస్కవర్డ్’ అంటే చిరునామా తెలుసు, ఇంకా తెరవలేదు. ‘క్రాల్డ్’ అంటే తెరిచి చూసి, పక్కన పెట్టేసింది. మొదటి రకంలో నాకు దొరికినవి సైట్‌మ్యాప్‌లో తప్ప ఎక్కడా లింకు లేని పేజీలు. ‘మరిన్ని’ బటన్ నొక్కితేనే వచ్చేవి అవి, క్రాలర్ బటన్లు నొక్కదు. బటన్ బదులు చిరునామా రాసి ఉండే మామూలు హెచ్‌రెఫ్ లింకులు పెట్టాను. రెండో రకం పేజీల్లో నాలుగేసి వరుసలకు మించి సరుకు లేదు, వాటిని పక్క పేజీల్లో కలిపేసి పాత చిరునామాలకు 301 రీడైరెక్ట్ (కొత్త చిరునామాకు శాశ్వత మళ్లింపు) ఇచ్చాను.

తెలుగు చిరునామాలు చూసి కంగారు పడకండి. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు, చిరునామాల్లో % గుర్తులతో రాసే పర్సెంట్ రూపంలో తొమ్మిది అక్షరాలు. ‘తెలుగు’ అన్న మాటే గుణింతాలతో కలిపి ఆరు సంకేతాలు, అంటే 54 అక్షరాలు. పొడవు తప్ప తప్పేం లేదు.

కొత్త పేజీ వచ్చినప్పుడు బింగ్, యాండెక్స్‌లకు ఇండెక్స్‌నౌ (సెర్చ్ ఇంజిన్లకు మార్పులు తెలిపే పద్ధతి) ద్వారా కబురు పంపుతాను. సైట్ మనదేనని చూపే కీ ఉన్న టెక్స్ట్ ఫైల్‌ను సైట్ రూట్‌లో ఉంచాలి. 200 అనే కోడ్ జవాబుగా వస్తే కబురు అందిందని మాత్రమే అర్థం, పేజీ ఎక్కిందని కాదు. ఇక సర్వర్ లాగ్‌లో, అంటే ఎవరొచ్చారో రాసే చిట్టాలో, గూగుల్ క్రాలర్ గూగుల్‌బాట్ పేరు కనబడగానే సంబరపడొద్దు, ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. ఆ ఐపీ చిరునామాకు రివర్స్ డీఎన్‌ఎస్ (ఐపీ నుంచి పేరు వెతకడం) చూసి, వచ్చిన పేరు గూగుల్ డొమైన్‌దే అయి, మళ్లీ అదే ఐపీకి తిరిగొస్తేనే దాన్ని లెక్కలోకి తీసుకుంటాను.