పాత సీఎన్‌సీ మిల్లింగ్‌కి కొత్త కంట్రోలర్: నా అనుభవం

నా పాత సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మిల్లింగ్ మెషిన్ కంట్రోలర్ బోర్డులో మెమరీ పోయి పారామీటర్లన్నీ చెరిగిపోయాయి. మెషిన్ మాత్రం గట్టిదే, టేబుల్‌ని కదిపే బాల్‌స్క్రూల్లో ఆట లేదు. డీసీ సర్వో మోటార్లు, వాటికి కరెంటు ఇచ్చే డ్రైవ్‌లు అలాగే ఉంచి కంట్రోలర్ ఒక్కటే మార్చాను: పీసీలో లైనక్స్‌సీఎన్‌సీ సాఫ్ట్‌వేర్, దానికి ఈథర్‌నెట్ మీద కలిసే మెసా 7ఐ97టీ కార్డు. ఎంత వేగం కావాలో డ్రైవ్‌కి చెప్పే ±10 వోల్టుల అవుట్‌పుట్లు 6, ఎన్‌కోడర్ (మోటారు ఎంత తిరిగిందో లెక్కపెట్టే సెన్సర్) ఇన్‌పుట్లు 6. మూడు యాక్సిస్‌లకీ స్పిండిల్‌కీ పోను ఇంకా మిగులుతాయి.

కార్డు కొనకముందే డ్రైవ్‌లు చూసుకోవాలి. మోటారుని స్క్రూకి కలిపే కప్లింగ్ విప్పి, డ్రైవ్ ఎనేబుల్ చేసి, కమాండ్ పిన్నులకి 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ తగిలించాను. 10 వోల్టులకి 1500 ఆర్‌పీఎం సెట్టింగ్ కాబట్టి 225 దగ్గర నిలకడగా తిరగాలి. ఎక్స్ మోటారు ఒక్క ఉదుటున పూర్తి వేగం అందుకుంది. టాకో (మోటారు వేగాన్ని డ్రైవ్‌కి చెప్పే చిన్న జనరేటర్) బ్రష్ అరిగి కమ్యుటేటర్‌ని తాకడం లేదు. మోటారు తిరుగుతోందని డ్రైవ్‌కి తెలియక కరెంటు తోస్తూనే పోయింది. కప్లింగ్ బిగించి ఉంటే టేబుల్ వెళ్లి చివర గుద్దుకునేది.

ఎన్‌కోడర్ 2500 గీతలు, ఒక్కో గీతకి నాలుగు కౌంట్లు, అంటే చుట్టుకి 10,000. స్క్రూ పిచ్ (చుట్టుకి కదిలే దూరం) 5 మి.మీ., అంటే మి.మీ.కి 2000 కౌంట్లు. 1500 ఆర్‌పీఎంకి సెకనుకి 125 మి.మీ.; అదే అవుట్‌పుట్ స్కేలు, అంటే 10 వోల్టులకి వచ్చే వేగం.

లూప్ (ఎన్‌కోడర్ లెక్క చూసి మోటారుని సరిదిద్దే ఏర్పాటు) కలిపే ముందు ప్లస్, మైనస్ గుర్తులు సరిచూడాలి. కాస్త పాజిటివ్ వోల్టేజీ ఇస్తే కౌంట్ పెరగాలి. తగ్గితే ఎన్‌కోడర్ స్కేలుకి మైనస్ పెట్టాలి, లేదంటే మళ్లీ అదే పరుగు.

నన్ను బాగా విసిగించింది ట్యూనింగ్. ఫాలోయింగ్ ఎర్రర్ (ఉండాల్సిన చోటుకీ ఉన్న చోటుకీ తేడా) పరిమితి 1 మి.మీ., పీ (ఆ తేడాని ఎంత గట్టిగా సరిదిద్దాలో చెప్పే అంకె) 20. నెమ్మదిగా జాగ్ చేస్తే (బటన్ నొక్కి కదిపితే) బాగుంది, నిమిషానికి 3000 మి.మీ. ఫీడ్‌కి పరిమితి దాటి ట్రిప్. కారణం లెక్కలోనే ఉంది: సెకనుకి 50 మి.మీ.ని 20తో భాగిస్తే 2.5 మి.మీ. వెనకబాటు. పీ పెంచితే మోటారు గుయ్యిమంది. కావాల్సిన వేగాన్ని నేరుగా డ్రైవ్‌కి పంపే ఎఫ్ఎఫ్1 (ఫీడ్‌ఫార్వర్డ్)ని 1 చేయగానే ఆ వెనకబాటు దాదాపు మాయమైంది.

మధ్యమధ్యలో కార్డుతో సంబంధం తెగిపోతుంటే పీసీ బయోస్‌లో సీ-స్టేట్స్ (ప్రాసెసర్ నిద్రపోయే స్థితులు) ఆపాను, ఇంటెల్ ఈథర్‌నెట్ పోర్టుకి ఆర్ఎక్స్-యూసెక్స్ (వచ్చిన డేటాని ప్రాసెసర్‌కి చెప్పడంలో పెట్టే ఆలస్యం) సున్నా చేశాను.

జెడ్ బ్రేకు (కరెంటు ఆగితే హెడ్డు కిందికి జారకుండా పట్టేది) దగ్గర తప్పు నాదే. కాయిల్‌కి అడ్డంగా మామూలు డయోడ్ వేశాను. ఎమర్జెన్సీ నొక్కిన ప్రతిసారీ హెడ్డు కాస్త జారడం డయల్ గేజ్‌లో కనిపించేది. డయోడ్ ఉంటే కాయిల్లో కరెంటు వెంటనే చావదు, బ్రేకు ఆలస్యంగా పడుతుంది. దాన్ని పీకి, కరెంటుని త్వరగా చావనిచ్చే వేరిస్టర్ పెట్టాక ముల్లు కదల్లేదు.