పన్నెండు మంది అనుకున్నాం

పొద్దున లేచేసరికి ఫోన్‌లో మూడు మిస్డ్ కాల్స్. రెండు సంగీతం టీచరుగారివి, ఒకటి డ్రాయింగ్ నేర్పే ఆయనది. అవి చూడగానే గుర్తొచ్చింది, క్లాసుకి రాని పిల్లలకి బదులు క్లాసు ఎప్పుడో చెప్పే మెసేజ్‌లు నిన్న రాత్రి పంపడం మర్చిపోయాను.

భయపడుతూనే టీచరుగారికి ఫోన్ చేశాను. "ఏమ్మా, నిన్న మీ దగ్గర్నుంచి ఏమీ రాలేదేం? ఇవాళ పొద్దున ఆరింటికి ఇద్దరు పిల్లలు ఒకేసారి వచ్చి కూర్చున్నారు. ఎవర్ని వెనక్కి పంపను నేను?" అని గట్టిగానే అడిగారు. తప్పయిపోయిందన్నాను. "నీ మీద వదిలేసి నేను రాసుకోవడం మానేశానమ్మా, అదే నా పొరపాటు" అని పెట్టేశారు.

సిగ్గేసింది. చెప్పకూడదు గానీ, దాని వెనకాలే కాస్త సంతోషం కూడా వేసింది. ఈ పని మొదలుపెట్టి మూడు నెలలైంది. ఇన్నాళ్ళలో మా మీద ఎవరైనా కోప్పడటం ఇదే మొదటిసారి.

ఇంట్లో పాఠాలు చెప్పుకునే టీచర్ల కోసం మేం నలుగురం ఒక యాప్ చేస్తున్నాం. మొదట చేసింది అటెండెన్స్. ఎవరొచ్చారో ఎవరు రాలేదో టిక్కు పెట్టుకోవచ్చు, నెలాఖరుకి లెక్క దానంతటదే వస్తుంది. చూపించిన ప్రతి ఒక్కరూ "చాలా బాగుందమ్మా" అన్నారు. ఆ మాట విని ఆరు వారాలు రాత్రీ పగలూ కూర్చుని కట్టాం. లేదు, నిజం రాయాలి కదా, కట్టింది మా తమ్ముడు. సొంత తమ్ముడు కాదు, కోడింగ్ మొత్తం చూసుకునే కుర్రాడు. వాడు నన్ను అక్కా అంటాడు కాబట్టి వాడు తమ్ముడు.

ఆ యాప్ టీచర్ల చేతికిచ్చే ముందు రోజు నా నోట్‌బుక్‌లో ఒక లైను రాసి, కింద తేదీ వేసి, నలుగురం సంతకాలు పెట్టాం. "30 మందికి ఇస్తున్నాం. మూడో వారంలో కనీసం 12 మంది, వారంలో రెండు రోజులైనా వాడాలి. లేకపోతే ఈ అటెండెన్స్ పని ఆపేస్తాం." ఆ గడువు ఇవాళ్టికి.

ఆఫీసుకెళ్ళి లెక్క తీశాను. మొదటి వారం 26 మంది వాడారు. రెండో వారం 15. మూడో వారం ఏడుగురు.

ఇక్కడ మా మీద మాకే నవ్వొచ్చే ముచ్చట ఒకటి జరిగింది. ఆ లైను నేను పెన్సిల్‌తో రాశాను. ఆ పేజీ తెరిచి పెట్టుకుని, నలుగురం దాని చుట్టూ కూర్చుని, ఏడుని పన్నెండు ఎలా చెయ్యాలా అని ఆలోచించడం మొదలుపెట్టాం. ఎవరూ ఆ మాట పైకి అనలేదు. "ఇద్దరు మన టెస్టింగ్ నంబర్లే కదా, అవి తీసెయ్యాలి" అన్నాడు తమ్ముడు. సరే, 28. "ముగ్గురు ఆ వారం ఊళ్ళో లేరు, వాళ్ళని లెక్కలో పెట్టడం అన్యాయం" అంది డిజైన్ చూసే అమ్మాయి. సరే, 25. పాతికలో ఏడు అంటే 28 శాతం. మేం రాసుకున్నది 40. అంత తీసేసినా గీత అందలేదు. "అసలు రెండు రోజులెందుకు, వారానికి ఒకసారి తెరిచినా వాడినట్టే కదా" అన్నది మాత్రం నేనే. ఆ లైను రాసిందీ నేనే. చేతిలో రబ్బరు కూడా ఉంది, మరి అదెప్పుడు పట్టుకున్నానో తెలీదు.

ఇంకో గ్రాఫ్ కూడా ఉంది మా దగ్గర. యాప్‌లో మొత్తం ఎంతమంది చేరారు అనేది. 30 నుంచి 118 దాకా పోయింది, వాళ్ళూ వీళ్ళూ చెప్పుకోవడం వల్ల. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉంటుందో. మాకు పెట్టుబడి పెట్టినాయనకి ఎప్పుడూ అదే పంపిస్తాం. కానీ మొత్తం సంఖ్య అనేది తగ్గడం చేతకాని సంఖ్య. మానేసినవాళ్ళు కూడా అందులోనే ఉంటారు. ఒకే వారం చేరినవాళ్ళని ఒక బ్యాచ్‌గా కట్టి, రెండో వారం వాళ్ళలో ఎందరు మిగిలారు, మూడో వారం ఎందరు అని చూస్తే అప్పుడు తెలుస్తుంది నీళ్ళు ఎక్కడ కారిపోతున్నాయో. కొత్తగా చేరినవాళ్ళ బ్యాచ్ కూడా తీసి చూశాం, అదీ ఇలాగే జారుతోంది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి తమ్ముడే అన్నాడు, "ఆపేద్దాం అక్కా. సంతకం పెట్టాం కదా."

ఆరు వారాల పని వాడిది. ఓదార్చడానికి నాకు తెలిసిన కథ ఒకటి చెప్పాను. ఏదైనా పూర్తిగా కట్టే ముందు, అది జనానికి నిజంగా కావాలో లేదో చిన్న చిన్న పరీక్షలతో తేల్చుకోవాలనే పద్ధతికి లీన్ స్టార్టప్ అనే పేరు పెట్టిన ఎరిక్ రీస్ కథే. 2004లో ఐఎంవీయూ అనే కంపెనీ మొదలుపెట్టినవాళ్ళలో ఆయనొకడు. అప్పటికే జనం వాడుతున్న చాటింగ్ మెసెంజర్లన్నిటితో కలిసి పనిచేసేలా, బొమ్మల రూపంలో మాట్లాడుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి ఆరు నెలలు కష్టపడి రాశారు. తీరా జనాన్ని కూర్చోబెట్టి చూపిస్తే, ఉన్న స్నేహితుల్ని ఇందులోకి పిలవమంటే పిలవం అన్నారు. ఇదేమిటో మాకే తెలీనప్పుడు వాళ్ళ ముందు పరువు పోగొట్టుకుంటామా అని. కొత్తవాళ్ళని పరిచయం చేసుకోవడానికైతే సరే అన్నారు. ఆ మెసెంజర్లతో కలపడానికి రాసిన వేల లైన్ల కోడ్ అంతా ఆయన రాసిందే, అంతా తీసి పారేశారు. ఒక్క లైను కూడా రాయకుండా ముందే ఒక వెబ్ పేజీ పెట్టి అడిగి ఉంటే ఇదే సంగతి తెలిసేది కదా అని తర్వాత ఆయనే అనుకున్నాడు.

తమ్ముడు విని, "ఆయనకి ఆరు నెలలు, నాకు ఆరు వారాలు. నేనే నయం" అన్నాడు. నవ్వాడు గానీ మధ్యాహ్నం దాకా హెడ్‌ఫోన్స్ తియ్యలేదు.

పదకొండింటికి టీచరుగారింటికి వెళ్ళాను. క్షమాపణ చెప్పుకోవడానికి వెళ్ళాననుకున్నారు ఆవిడ. అదీ ఉంది. అసలు సంగతి, క్లాసు జరుగుతుండగా ఒక మూల కూర్చుని చూద్దామని. జపాన్ కార్ల కంపెనీ టయోటాలో ఉత్పత్తి పద్ధతిని తీర్చిదిద్దిన తాయిచి ఓనో తన ఇంజనీర్లని ఫ్యాక్టరీ నేల మీద సుద్దతో గీసిన వలయంలో నిలబెట్టి, గంటల తరబడి ఊరికే చూడమనేవాడట. ఈ లీన్ అనే మాట పుట్టింది కూడా ఆ టయోటా పద్ధతిని వర్ణించడానికే, 1988లో జాన్ క్రాఫ్‌సిక్ రాసిన వ్యాసంలో. మా పెట్టుబడిదారు మాత్రం లీన్ అంటే తక్కువ మందితో తక్కువ ఖర్చులో కానిచ్చేయడం అనుకుంటాడు. ఎవరికీ అక్కర్లేనిదాన్ని ఎంత చవగ్గా కట్టినా దండగే అని ఆయనకి ఎన్నిసార్లు చెప్పానో.

నాకు సుద్ద వలయం లేదు, ప్లాస్టిక్ స్టూలు ఇచ్చారు. గంటన్నర కూర్చున్నాను. ఆవిడ పొడవాటి నోట్‌బుక్ ఒకటి హార్మోనియం మీదే ఉంటుంది. ఒక్కో పిల్లకి ఒక్కో పేజీ. వచ్చిన రోజుకి ఒక చుక్క. చుక్క పెట్టడానికి ఆవిడకి ఒక్క సెకను కూడా పట్టలేదు, పాట ఆపనే లేదు. మా యాప్‌లో అదే పనికి ఫోన్ తీసి, లాక్ తెరిచి, క్లాసు ఎంచుకుని, పేరు మీద నొక్కాలి. మరి ఎవరు వాడతారు? మేం తీర్చిన కష్టం ఆవిడకి అసలు లేదు.

రానివాళ్ళ పేజీలు చూడాలి. అక్కడ చుక్కకి బదులు చిన్న సున్నా, పక్కన "బదులు - గురు?" అని ప్రశ్నార్థకం, అది కొట్టేసి "శని", అదీ కొట్టేసి ఒక ఫోన్ నంబరు, ఆ నంబరు చుట్టూ రెండు సార్లు గీసిన గుండ్రం. కొన్ని పేజీల మూలలు మడిచి ఉన్నాయి. మడిచినవి ఎందుకని అడిగితే, "వాళ్ళకి ఇంకా బాకీ ఉన్నానమ్మా" అన్నారు. డబ్బు బాకీ కాదు, క్లాసు బాకీ. లెక్కపెట్టాను, తొమ్మిది పేజీలు మడిచి ఉన్నాయి.

ఈ బదులు క్లాసుల సంగతి మాకు నెల క్రితమే లీలగా తెలుసు. అందుకే ఐదుగురు టీచర్లకి చేత్తో చేసిపెడుతున్నాను. ఎవరైనా పిల్ల రాకపోతే టీచరు నాకు ఒక మెసేజ్ పెడతారు. నేను రాత్రి కూర్చుని, ఎక్సెల్ షీట్‌లో ఖాళీ టైములు వెతికి, ఆ పిల్ల తల్లిదండ్రులకి రెండు టైములు పంపి, వాళ్ళు ఒప్పుకున్నది టీచరుకి చెబుతాను. రోజుకి నలభై నిమిషాల పని. సాఫ్ట్‌వేర్ ఏమీ లేదు, నేనే సాఫ్ట్‌వేర్. టీచర్లకి ఆ సంగతి ముందే చెప్పాం. 1999లో నిక్ స్విన్‌మర్న్ చెప్పుల షాపులకెళ్ళి ఫోటోలు తీసి, వెబ్‌సైట్‌లో పెట్టి, ఆర్డరొస్తే అదే షాపులో కొని పంపించేవాడు. జాపోస్ అనే ఆన్‌లైన్ చెప్పుల షాపు అలా మొదలైంది. జతకింత నష్టం, కానీ చెప్పులు తొడిగి చూడకుండా జనం కొంటారా అన్న ఒక్క ప్రశ్నకి జవాబొచ్చింది. మొన్నటిదాకా నాకు ఈ చేతి పని నామోషీగానే ఉండేది. చదువుకున్న చదువేంటి, చేస్తున్న గుమాస్తా పనేంటి అని. ఇవాళ ఆ మడిచిన పేజీలు చూశాక అనిపించలేదు.

టీచరుగారిని ఇంకో మాట అడిగాను. "ఇలాంటి యాప్ ఉంటే వాడతారా" అని అడగడం మానేసి చాలా రోజులైంది. మర్యాదస్తులెవరైనా దానికి వాడతామనే అంటారు. "మా మెసేజ్ రాని రోజు ఏం చేశారు, మేం రాకముందు ఏం చేసేవారు?" అన్నాను. ఆదివారం పొద్దుటి పూటంతా దానికే పోయేదట. పోయిన ఏడాది ఒక విద్యార్థిని పెట్టుకున్నారట ఈ ఫోన్లు చెయ్యడానికి, ఫీజులో కొంత తగ్గించి. అంటే దీనికి ఇదివరకే ఆవిడ డబ్బు ఖర్చుపెట్టారు. ఆ ముక్క నోట్‌బుక్‌లో రాసి కింద రెండు గీతలు గీశాను.

మధ్యాహ్నం నిన్నటి నా మతిమరుపు మీద పడ్డాం. ఓనో చెప్పినట్టు ఎందుకు అని ఐదు సార్లు అడగాలని నియమం. మెసేజ్ ఎందుకు వెళ్ళలేదు? అలారం మోగలేదు. ఎందుకు? నేనే ఆపేశాను. ఎందుకు? అది మోగే టైముకి నేను ఇంకా బస్సులో ఉంటున్నాను. మరి టైము ఎందుకు మార్చలేదు? డ్రాయింగ్ ఆయన రాత్రి తొమ్మిది తర్వాత తల్లిదండ్రులకి మెసేజ్ పెట్టొద్దన్నారు. నాలుగో ఎందుకు దగ్గరే ఆగిపోయాం, ఐదోది దొరకలేదు, వెతకనూ లేదు. పని చాలినంత దొరికింది. రాబోయే సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో టీచరుకి ఒక్కో టైము ఉండాలన్నమాట. అది మా పెద్ద పెద్ద ప్లాన్లలో ఎక్కడా లేదు.

తర్వాత చిన్న గొడవ. డిజైన్ అమ్మాయి, యాప్‌లో "బదులు క్లాసు" అని ఒక బటన్ పెట్టేద్దాం, వెనకాల ఏమీ లేకపోయినా ఎంతమంది నొక్కుతారో లెక్క తెలుస్తుంది అంది. చాలామంది చేసే పనే, తప్పేమీ కాదు. నాకే మనసొప్పలేదు. తొమ్మిది మందికి క్లాసు బాకీ పడి తల పట్టుకున్న మనిషి ఆశగా నొక్కితే ఖాళీ పేజీ వస్తే ఎలా ఉంటుంది? పైగా నొక్కడం ఊరికే వస్తుంది, వేలు కదిలితే చాలు. చివరికి, నొక్కగానే "ఇది ఇంకా తయారవలేదు, కావాలంటే మీకు ఫోన్ చేస్తాం" అని నిజం చెప్పేలా అయితే సరే అనుకున్నాం. ఆ అమ్మాయికి పూర్తిగా నచ్చలేదు. నాకూ నచ్చలేదు.

సాయంత్రం కొత్త లైను రాయడానికి కూర్చున్నాం. "ఐదుగురిలో కనీసం ముగ్గురు, వచ్చే నెల డబ్బు ముందే కట్టాలి. ఈ చేతి పనికే. గడువు పది రోజులు." రెండు అని రాద్దామని నేను, నాలుగు అని తమ్ముడు. దెబ్బ తిన్నవాడు కదా, కసి మీదున్నాడు. ముగ్గురి దగ్గర రాజీ పడ్డాం. నేను పెన్సిల్ తియ్యగానే వాడు నా చేతిలోంచి లాక్కుని పెన్నిచ్చాడు. వెంటనే వెళ్ళి అటెండెన్స్ కోడ్‌ని పక్కకి తీసి పెట్టాడు. పూర్తిగా డిలీట్ చేశాడా అని అడిగితే, "అంత వైరాగ్యం ఇంకా రాలేదక్కా" అన్నాడు.

అటెండెన్స్ ఇంకా వాడుతున్న ఆ ఏడుగురికి ఏం చెప్పాలో మాత్రం తేల్చలేదు. రేపు ఒక్కొక్కరికీ ఫోన్ చెయ్యాలి. వాళ్ళెందుకు ఆగారో అడగాలి, వెళ్ళిపోయినవాళ్ళ వెంట పడి వీళ్ళని ఒక్కసారి కూడా అడగలేదు.

ఎనిమిదిన్నరకి అలారం మోగింది. బస్సులోనే నిలబడి ఐదుగురి మెసేజ్‌లూ పంపేశాను. ఇంటికొచ్చాక టీచరుగారికి డబ్బు సంగతి రాయడానికి కూర్చున్నాను. నెల రోజులుగా ఉచితంగా చేసి, పొద్దున తిట్టు తిని, రాత్రికి డబ్బడగడం. నాలుగు సార్లు రాసి చెరిపాను. మొదటిదాంట్లో సారీ మరీ ఎక్కువైంది, రెండోదాంట్లో డిస్కౌంట్ పెట్టాను, అది పెడితే పరీక్షే చెడిపోతుంది. ఐదోసారి రెండే రెండు లైన్లు రాసి పంపాను.

రెండు టిక్కులు పడ్డాయి. ఇంకా నీలం కాలేదు. ఆవిడ తొమ్మిదికల్లా పడుకుంటారు, తెలుసు. అయినా మూడు సార్లు తీసి చూశాను.