పులుసుకా, గోడకా?

శనివారం. ఫ్రీజర్‌లో పరోటా ప్యాకెట్లకీ కొబ్బరి తురుముకీ మధ్య తడి తువ్వాలులో చుట్టిన చేప ఒకటి ఉంది. సోమవారం చుట్టాలొస్తున్నారు, చోటు కావాలి, దాని సంగతేదో ఇవాళే తేల్చమని మా ఆవిడ కాఫీ ఇస్తూనే చెప్పేసింది.

పట్టింది నాన్న. వేసవికి అమ్మానాన్నా ఇక్కడికి, మిన్నెసోటాకి వచ్చారు. ఇంట్లో ఊరికే కూర్చోలేక సతమతమవుతున్నారని నాన్నకి మూడు రోజుల లైసెన్సు తీయించి చెరువుకి తీసుకెళ్ళాను. గాలానికి బ్లూగిల్ పడింది. కొలిస్తే పది అంగుళాల మీద ఒక పావు. పెనంలో ఇమిడే ఈ చిన్న జాతిలో పది దాటడమంటే మాటలు కాదు. పక్క పడవలో పెద్దాయన దగ్గరికొచ్చి మరీ చూసి, మౌంట్ చేయించమన్నాడు, అంటే పాడవకుండా బొమ్మలా చేయించి గోడకి తగిలించుకోమని. నాన్నేమో "ఈ చేపపిల్లకా ఇంత హడావుడి?" అన్నారు. గోదారి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి మరి. 1950లో అలబామాలో పడ్డ రికార్డు బ్లూగిల్ కూడా 4 పౌండ్ల 12 ఔన్సులేనని చెబితే, "రెండు కేజీల బొచ్చెని మనూళ్ళో ఎవడైనా ఫోటో తీస్తాడట్రా?" అని నవ్వారు.

చిక్కేమిటంటే, గోడకి తగిలించాలంటే కడుపు కోయకూడదు, ఒక్క పొలుసు రాలకూడదు, రెక్కలు ఒంటికి ఆనించి తడిగుడ్డలో చుట్టి గడ్డకట్టించాలి. పులుసుకైతే తెచ్చిన వెంటనే శుభ్రం చెయ్యాలి. ఆ సాయంత్రం నేను తువ్వాలు తీశాను. అమ్మ కత్తిపీట లోపల పెట్టేసింది. "కడుపు కోయకుండా ఇన్నాళ్ళు మూలబెట్టిన చేపని నేను వండను" అని ఇవాళ మళ్ళీ చెప్పింది.

అలా చేసిపెట్టే టాక్సిడెర్మిస్టుకి ఫోన్ చేశాను. అంగుళానికి 20 డాలర్లట. నాన్న వెంటనే రూపాయల్లోకి మార్చారు. "పదిహేడు వేల పైమాటే! పుస్తెలమ్మైనా పులస తినమన్నారు గానీ, గోడకి కొట్టుకోమన్నారా?"

ఫైబర్‌గ్లాస్ నకలైతే అసలు చేపతో పనే లేదు, పొడవూ చుట్టుకొలతా ఫోటో ఉంటే చాలు. నీళ్ళలో వదిలేసినవాళ్ళు అదే చేయించుకుంటారు. ఆ మాటకొస్తే అసలు చేపతో చేసేదాంట్లోనూ చేపది ఉండేది చర్మం, తల, రెక్కలే. లోపల ఫోమ్, కన్ను గాజుది, రంగు మొత్తం బ్రష్షు పని. చచ్చిన కాసేపటికే రంగులు పోతాయి కాబట్టి అప్పుడే తీసిన ఫోటోలు పంపమన్నాడు. చూస్తే ప్రతి ఫోటోలోనూ నాన్న బొటనవేలు సరిగ్గా ఆ నారింజ రంగు రొమ్ము మీదే ఉంది. ఒక్కదాంట్లో మాత్రం దవడ కింద నీలం, మొప్ప చివర నల్లమచ్చ బాగా వచ్చాయి.

నాకు మనసు పీకింది మాత్రం డబ్బు గురించి కాదు. జూన్‌లో మగ బ్లూగిల్ ఒడ్డు దగ్గర లోతులేని నీళ్ళలో తోకతో గుంట చేసి గుడ్లకి కాపలా కాస్తుంది. నాన్న గాలానికి పడ్డది అలాంటి కాపలాదారే. పెద్ద మగవాటిని ఏరేస్తే చిన్నవాటికి తొందరగా ఈడొచ్చేస్తుంది. తిన్నదంతా ఒంటికి పట్టకుండా సంతానానికే పోయి, చెరువు నిండా వేలెడేసి చేపలే మిగులుతాయి. అందుకే ఇక్కడ కొన్ని చెరువుల్లో రోజుకి 20 దాకా ఉన్న పరిమితిని 5కో 10కో తగ్గించారు. ఈ సైజు రావడానికి పదేళ్ళ దాకా పడుతుందట. అంత వయసున్న చేపని చుట్టాలొస్తున్నారని చెత్తబుట్టలో వేయడానికి నాకు చేతులు రాలేదు. డబ్బు దండగే, అయినా సరే అనుకున్నాను.

హాల్లో కుదరదు, ఆ గోడ మీద వెంకటేశ్వరస్వామి పటం ఉంది. చచ్చిన చేపని దాని పక్కన పెడతానంటే మా ఆవిడ ఊరుకుంటుందా? బేస్‌మెంట్‌కి ఒప్పందం కుదిరింది.

మధ్యాహ్నం కూలర్‌లో పెట్టుకుని ఇద్దరం వెళ్ళి ఇచ్చి వచ్చాం. వచ్చే వేసవికి గానీ చేతికి రాదట, అప్పటికి నాన్న ఊళ్ళో ఉంటారు, వాట్సాప్‌లో చూడాల్సిందే. దారి పొడుగునా ఖర్చు గురించి సణిగిన మనిషి, అక్కడ ఫారం నింపుతుంటే నా భుజం మీదుగా వంగి చూశారు.

"కింద రేకు మీద పేరు వేస్తాడా? ఇంటిపేరుతో సహా వెయ్యమను. ఆ అంగుళాలు వద్దురా, ఇరవయ్యారు సెంటీమీటర్లని రాయించు. అంకె కాస్త పెద్దగా ఉంటుంది."