కుచేలుడి గడి, కుబేరుడి గడి

ఆదివారం. పొద్దుటి నుంచి ముసురు. ఉతికిన బట్టలు ఆరలేదు, కరెంటు రెండుసార్లు పోయింది. టిఫిన్ అయ్యాక గళ్ల కాగితం ముందేసుకుని నాన్న కోసం గడినుడి (క్రాస్‌వర్డ్) కట్టడానికి కూర్చున్నాను. పేపర్లో వచ్చేదాన్ని ఆయన కాఫీ చల్లారేలోపే నింపేస్తారు. అందుకే వారానికొకటి నేనే తయారుచేస్తున్నాను.

ఈసారి అంతా దశ తిరగడం మీదే. కుచేలుడు, కుబేరుడు పక్కపక్కన రాసి చూసుకుంటే భలే ఆనందమేసింది. మన గడినుడిలో గుణింతం, ఒత్తు అన్నీ కలిపి గడికొక అక్షరం కదా. రెండు పేర్లకూ నాలుగేసి గళ్లు, మొదట 'కు', చివర 'డు'. నడుమ 'చేలు' చెరిపి 'బేరు' రాస్తే చాలు, కటిక పేదవాడు ధనపతి అయిపోతాడు. నిఘంటువు తీస్తే ఇంకో సంగతి తెలిసింది. సంస్కృతంలో చేలం అంటే బట్ట, బేరం అంటే శరీరం. ఒకడిది చిరుగుబట్టల పేరు, ఇంకొకడిది వికారపు ఒంటి పేరు. ఇద్దరికీ ముందున్న 'కు' చెడ్డదే! అదే 'కు' దగ్గర ఇద్దరినీ మొదలుపెట్టి, ఒకటి అడ్డం కుచేలుణ్ణి, ఒకటి నిలువు కుబేరుణ్ణి చేశాను.

కలిమి అడ్డంగా, లేమి నిలువుగా వచ్చి ఒకే 'మి' గడిలో కలిశాయి. 'కలకు వరం తోడైతే ఆందోళన (4)' అని కలవరానికి ఆధారం రాశాను. ఓడలు, బండ్లు కూడా కుదిరాయి కానీ చెరిపేశాను. నాన్నకు ఒకప్పుడు విజయవాడలో రెండు లారీలుండేవి. అప్పుల్లో రెండూ పోయాయి. ఆ తర్వాత పదకొండేళ్లు వేరేవాళ్ల లారీ తోలారు. ఆటకని ఇచ్చే కాగితంలో ఆయనకు అది గుర్తుచేయడం నాకు ఇష్టం లేకపోయింది.

సాయంత్రం కిటికీ దగ్గర కూర్చుని పెన్సిల్‌తో నింపారు. 'పిడికెడు అటుకులతో దశ తిరిగినవాడు (4)' దగ్గర కాసేపు ఆగారు.

"మేడలొచ్చాక కూడా ఆయన్ని కుచేలుడనే అంటున్నాం చూడమ్మా. చిరుగుబట్టలు పోయినా పేరు పోలేదు" అన్నారు. కాసేపాగి, "నన్నూ అంతేగా. మన ఊరెళ్తే ఇప్పటికీ లారీల బాబాయే" అని నవ్వారు.

ఏమనాలో తెలియక టీ పెట్టడానికి లేచాను. తిరిగొచ్చేసరికి కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూస్తున్నారు. చెరిపిన చోట పాత అక్షరాల జాడలు కనబడుతున్నాయి.

"ఓడలూ బండ్లూ పెట్టి తీసేశావేం?"

"ఆధారం సరిగ్గా కుదర్లేదు నాన్నా."

గ్లాసు పక్కన పెట్టి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఆలోచించారు. వాన చినుకులు మళ్లీ మొదలయ్యాయి.

"రాసుకో. 'ఓడమంటే తేలుతుంది', రెండక్షరాలు."

వచ్చే ఆదివారం కాగితంలో ఒకటి అడ్డం అదే.