ఫోన్‌లో ఒక జవాబు, గడప ముందు ఇంకో జవాబు

చాలా ఏళ్లు ఇంటింటి సర్వేల్లో ఇన్వెస్టిగేటర్‌గా తిరిగాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఫోన్ సర్వేలు చేసే టీమ్‌ని చూసుకుంటున్నాను. ఈ మధ్య మాకు వచ్చే పనుల్లో ఎక్కువ భాగం కలగలుపు సర్వేలే. కొన్ని ఇళ్లకు మనిషి వెళ్తారు, కొందరికి ఫోన్ చేస్తాం, ఇంకొందరికి వాట్సాప్‌లో లింక్ పంపుతాం. చివరికి అన్నీ ఒకే ఫైల్‌లో చేరతాయి. ఏ జవాబు ఏ దారిలో వచ్చిందో చెప్పే కాలమ్ ఒకటి ఆ ఫైల్‌లో ఉంటుంది. రిపోర్టు చదివేవాళ్లకు గందరగోళం అవుతుందని, దాన్ని తీసేయమని అడిగేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను.

భూమి ప్రశ్నే చూడండి. ఇంటికి వెళ్లి "ఎంత పొలం ఉంది?" అని అడిగితే పెద్దాయన లోపలికి కేకేస్తాడు. పాస్‌బుక్ బయటికొస్తుంది. ఎకరాలు, గుంటలతో సహా రాసుకుంటాం. అదే ఫోన్‌లో అడిగితే "రెండెకరాలు రాస్కోండి మేడమ్" అంటాడు. అబద్ధమేమీ చెప్పలేదు, గుంటలు వదిలేశాడంతే. ఇక లింక్ పంపితే నింపేది పట్నంలో ఉన్న కొడుకు. పంపకాలు కాని పొలమైతే మొత్తం రాయాలా, తమ వాటా వరకే రాయాలా అని అతను ఎవరినీ అడగలేడు.

పని గురించిన ప్రశ్నల్లో ఈ తేడా నన్ను మరీ బాధపెడుతుంది. "మీరేం పని చేస్తారమ్మా?" అంటే చాలామంది ఆడవాళ్లు "ఏం లేదు, ఇంట్లోనే ఉంటా" అంటారు. ఇంటికి వెళ్లినవాళ్లకు మూలనున్న కుట్టు మిషన్, దాని మీద సగం కుట్టిన బ్లౌజు కనిపిస్తాయి. "ఇవి ఎవరివమ్మా?" అని అడగొచ్చు. అప్పుడు నెలకెన్ని కుడుతుందో, ఎంత వస్తుందో బయటపడుతుంది. ఫోన్‌లో ఆ మిషన్ కనిపించదు. ఆమె పని లేని మనిషిగానే లెక్కలో మిగిలిపోతుంది. 2017లో మొదలైన పీఎల్‌ఎఫ్‌ఎస్, అంటే దేశంలో ఉపాధి లెక్కలు చెప్పే సర్వేలో, పట్టణాల్లో ఒక కుటుంబాన్ని ఒకసారి అడిగి వదిలేయలేదు, మరో మూడు విడతలు అడిగారు. కరోనా కాలంలో ఆ తర్వాతి విడతలు ఎక్కువగా ఫోన్‌లోనే జరిగాయి. ఆ అంకెలు చూసినప్పుడల్లా నాకు కుట్టు మిషనే గుర్తొస్తుంది.

అలాగని ఇంటికి వెళ్లడమే ఎప్పుడూ మేలని కాదు. "ఇంట్లో ఎవరైనా మందు తాగుతారా?" అని అడిగితే, పక్కన అత్త కూర్చుని ఉండగా కోడలు ఏం చెబుతుంది? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గృహహింస ప్రశ్నలకు ఇంటికి ఒక్క మహిళనే ఎంచుకుంటారు. ఏకాంతం దొరక్కపోతే ఆ భాగం అడగకూడదు. మంచి నియమం అది. ఫోన్‌లో దాన్ని ఎలా పాటిస్తాం? ఫోన్ భర్తదై ఉండొచ్చు, స్పీకర్ ఆన్‌లో ఉండొచ్చు. "మాట్లాడటానికి వీలేనా అమ్మా?" అంటే "ఆ, చెప్పండి" అంటుంది. పక్కన ఎవరున్నారో మనకు తెలియదు.

మనిషి ఎదుట ఉంటే, కనీసం గొంతు వినిపిస్తుంటే, జవాబు కాస్త మర్యాదగా మారుతుంది. అమెరికాలో సర్వేలు చేసే ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే సంస్థ 2014లో 3,003 మందిని రెండు గుంపులుగా లాటరీ పద్ధతిలో విడదీసి, అవే ప్రశ్నలు కొందరిని ఫోన్‌లో, కొందరిని వెబ్‌లో అడిగింది. 60 ప్రశ్నల మీద సగటు తేడా 5.5 శాతం పాయింట్లు. కుటుంబ జీవితం చాలా తృప్తిగా ఉందన్నవాళ్లు ఫోన్‌లో 62 శాతం, వెబ్‌లో 44 శాతం. రాజకీయ నాయకులు అస్సలు నచ్చరని చెప్పడానికి వెబ్‌లో ఎక్కువమంది వెనకాడలేదు.

మరి ఏది నిజం? దీనికి నాకు బాగా నచ్చిన జవాబు మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం పూర్వ విద్యార్థుల మీద క్రూటర్, ప్రెసర్, టూరాంజో అనే పరిశోధకులు చేసి 2008లో ప్రచురించిన అధ్యయనం. తక్కువ మార్కులు వచ్చాయా, ఏదైనా కోర్సు మధ్యలో వదిలేశారా అని అడిగి, చెప్పినదాన్ని విశ్వవిద్యాలయం రికార్డులతో పోల్చారు. మనిషితో ఫోన్‌లో మాట్లాడినవాళ్ల కన్నా వెబ్‌లో నింపినవాళ్లే ఇబ్బందికరమైన సంగతులు ఎక్కువ నిజాయితీగా ఒప్పుకున్నారు. అంటే మార్కుల లాంటి విషయానికి స్క్రీన్ మేలు, కుట్టు మిషన్‌కి గడప మేలు.

ప్రశ్న కనబడే తీరు కూడా జవాబును మారుస్తుంది. ఫోన్‌లో ఐదు ఆప్షన్లు చదివితే చివరగా విన్నవి గుర్తుంటాయి, స్క్రీన్ మీద పైనున్నవాటి మీద వేలు పడుతుంది. "చెప్పలేను" అనే ఆప్షన్‌ని మా టీమ్‌లో ఫోన్ చేసే పిల్లలు పైకి చదవరు. లింక్‌లో మాత్రం అది కళ్లెదుటే ఉంటుంది, నొక్కడమే తరువాయి.

ఇంకో చిక్కుంది. లింక్ నింపేది ఎక్కువగా కుర్రాళ్లు, స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లు. జవాబు తేడా మనుషుల వల్లా, అడిగిన దారి వల్లా? వయసు, చదువు చూసి వెయిట్లు వేస్తే, అంటే తక్కువగా దొరికినవాళ్ల జవాబులకు లెక్కలో ఎక్కువ బరువిస్తే, మొదటిది కొంత సర్దుకుంటుంది, రెండోది సర్దుకోదు. అందుకే కనీసం ఒక చిన్న భాగంలోనైనా ఎవరిని ఎలా అడగాలో లాటరీ వేసి నిర్ణయించమని ప్రతి ప్రపోజల్‌లో రాస్తాను. ఖర్చని కొట్టేస్తుంటారు. అయినా రాస్తూనే ఉంటాను.

మన దగ్గర ఇది పెరిగేదే కానీ తగ్గేది కాదు. తెలంగాణలో 2024 నవంబర్‌లో మొదలైన ఇంటింటి కుల సర్వేలో మిగిలిపోయినవాళ్లకు 2025 ఫిబ్రవరి 16 నుంచి 28 వరకు మళ్లీ అవకాశమిచ్చినప్పుడు ఫోన్, ఆన్‌లైన్ ఫారం, ఆఫీసుకు వెళ్లడం అని దారులు పెరిగాయి. 2027 జనగణనలో యాప్‌తో ఇంటికొచ్చి వివరాలు రాసుకునే ఎన్యూమరేటర్‌తో పాటు, మన వివరాలు మనమే నింపుకునే వీలు కూడా ఉంది.

జనగణనలో నేను ముందు చూడబోయేది వయసు. మన జనగణన పట్టికల్లో 30, 35, 40 ఏళ్ల దగ్గర జనం గుంపుగా పోగుపడటం పాత సంగతి. "నలభై ఉంటాయమ్మా" అంటారు, రాసుకుంటారు. సొంతంగా నింపేవాళ్లు ఆధార్ కార్డు చూసి పుట్టిన తేదీ వేస్తే ఆ గుంపులు పలచబడాలి. కానీ బడిలో చేర్చేటప్పుడు టీచర్ వేసిన జూన్, జులై తేదీలే ఎందరి కార్డుల్లోనో ఉన్నాయి కాబట్టి, కొత్త గుంపులు పుట్టే అవకాశమూ ఉంది. వయసు పట్టికలను ఏ దారిలో వచ్చినవి ఆ దారిలోనే విడిగా ప్రచురిస్తే, రెండు గుంపుల్నీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు.