తాళంచెవి ఇంకా నా సంచిలోనే ఉంది

రాత్రి పదకొండు దాటింది. అత్తమ్మ మోకాలి మాత్ర వేసుకొని పడుకున్నారు, ఆయన టీవీ ముందే నిద్రపోయారు. నాకు మాత్రం పగలు చుట్టుపక్కల బడుల టీచర్లందరం కలిసే కాంప్లెక్స్ సమావేశంలో తెర మీద చూపించిన ఆ పక్షుల బొమ్మ కళ్ల ముందు నుంచి కదలడం లేదు.

బొమ్మ మీరందరూ చూసే ఉంటారు. బాణం ములుకు ఆకారంలో ఎగిరే పెద్దబాతులు. శిక్షణ ఇవ్వడానికి వచ్చినవారు వాటి గురించి నాలుగు మాటలు చెప్పారు. అలా వరుసగా ఎగరడం వల్ల అవి ఒంటరి పక్షికంటే 71 శాతం ఎక్కువ దూరం పోతాయట, ముందున్నది అలసిపోతే వెనక్కి వచ్చి మరొకదానికి చోటిస్తుందట, వెనుకనున్నవి అరుస్తూ ముందున్నదానికి ధైర్యం చెబుతాయట, జబ్బుపడి నేలకు దిగినదానికి తోడుగా మరో రెండు దిగుతాయట. అందరం చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్లు ఆగి పది నిమిషాలైనా కాకముందే మా బడి వార్షికోత్సవం బాధ్యత ఎవరు తీసుకుంటారన్న మాట వచ్చింది, వచ్చీ రాగానే మా వాళ్ల తలలన్నీ నావైపు తిరిగాయి. ఇది వరుసగా ఆరో ఏడు. నేను కూడా ఎప్పటిలాగే తల ఊపాను.

బస్సులో వస్తున్నంతసేపూ కోపం తగ్గలేదు. ఆ కోపమంతా మొదట ఆ 71 అనే అంకె మీదికి పోయింది. మా చిన్నమ్మాయి హాస్టలుకు వెళ్తూ బైనాక్యులర్స్ ఇంట్లో వదిలిపోయినప్పటినుంచి నేను పక్షుల గురించి ఎంత చదువుతున్నానో మీకు తెలుసు. ఆ అంకె ఏ పక్షినీ ఎగరేసి కొలిచినది కాదు. 1970లో ఇద్దరు శాస్త్రవేత్తలు గాలి లెక్కలతో కట్టిన అంచనా అది, 25 పక్షులు చక్కని వరుసలో ఎగిరితే అంత లాభం ఉండవచ్చని. నిజంగా కొలిచిన సంగతులు వేరే ఉన్నాయి. గూడబాతులకు (పెలికాన్లకు) గుండె కొట్టుకునే వేగాన్ని లెక్కించే పరికరాలు కట్టి చూస్తే, ఒంటరిగా ఎగిరేటప్పటికంటే వరుసలో ఎగిరేటప్పుడు ఆ వేగం 11 నుంచి 14 శాతం దాకా తక్కువగా ఉన్నట్టు 2001లో తేలింది. రెక్క కిందికి కొట్టినప్పుడు దాని వెనుక గాలిని కిందికి నెడుతుంది, రెక్క చివర దాటిన తర్వాత మాత్రం గాలి పైకి లేస్తుంది. వెనుక పక్షి సరిగ్గా ఆ లేచే గాలిలో తన రెక్కను పెట్టుకుంటుంది. ఇంత అందమైన సంగతి ఉండగా, అది చెప్పకుండా ఒక అంకె చూపించి చప్పట్లు కొట్టించడం నాకు బాధ కలిగించింది.

నిజం చెప్పాలంటే నన్ను ఎక్కువగా గుచ్చింది ఆ అంకె కాదు, ముందున్నది వెనక్కి వస్తుందన్న మాట. పక్షుల్లో అది నిజంగానే జరుగుతుంది. బట్టతల ఐబిస్ అనే పక్షుల పిల్లలను పద్నాలుగింటిని మనుషులే పెంచి, చిన్న విమానం వెంట ఆస్ట్రియా నుంచి ఇటలీకి ఎగరడం నేర్పి, ఒక్కొక్కదాని వీపు మీద పరికరం కట్టి గమనించారు. 2015లో వచ్చిన ఫలితాల ప్రకారం ఒక్కో పక్షి సగటున తన సమయంలో 32 శాతం మరొకదాని వెనుక, ఆ లేచే గాలిలో ఎగిరింది, దాదాపు అంతే సమయం తాను ముందుండి మరొకదానికి ఆ సుఖాన్ని ఇచ్చింది. జతలు జతలుగా మాటిమాటికీ చోట్లు మార్చుకున్నాయి. అవన్నీ ఒకే ఈడు పిల్లలు, దారి చూపే తల్లిదండ్రులు వాటికి గుంపులో లేరు, అయినా వాటిలో ఏదీ ఎప్పుడూ వెనుకే ఉండిపోలేదు. మా స్టాఫ్ రూమ్‌లో పదకొండుమందిమి ఉన్నాం, ఆరేళ్లుగా ఒక్కరే ముందున్నారు. ఈ మాటనే గట్టిగా రాయాలని కూర్చున్నాను.

కానీ బస్సు చెరువు కట్ట దాటుతున్నప్పుడు యాసంగి నాట్లు కనిపించాయి. కూలీలు మన వైపువారు కారు, వేరే రాష్ట్రం నుంచి వచ్చినవారు. వలస అంటే మన పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి బయటికి పోవడమనే నేను చిన్నప్పటినుంచి విన్నాను, ఇప్పుడు మన మళ్లలోకి వలస వస్తున్నారు. వాళ్ల మడిలో పాట వినిపించలేదు, లేదా బస్సు మోతలో నాకు వినిపించలేదో. అక్కడినుంచి మనసు మా అవ్వ దగ్గరికి పోయింది.

నాకు తొమ్మిదేళ్లో పదేళ్లో. వానాకాలం, ఆదివారం. అవ్వతోపాటు నాట్లకు పోయి నాకూ ఒక మునుం, అంటే ఒక్కొక్కరు నాటుకుంటూ పోయే మడి పట్టీ, కావాలని మొండికేశాను. నవ్వుకుంటూనే ఇచ్చారు, నా చేతికి సరిపోయేంత సన్నని మునుం, అటు ఒక చిన్నమ్మ, ఇటు మా అవ్వ. నాటు వేసేవాళ్లు వెనక్కి నడుస్తారని మీలో మడి దిగినవాళ్లకు తెలుసు. ఎవరూ ఎవరికంటే ముందుండరు, అందరి ముందూ అప్పుడే నాటిన పచ్చని వరుస మాత్రమే ఉంటుంది. అరగంట గడిచేసరికి నా నడుం విరిగినట్టయింది, వేళ్ల సందుల్లో నారు జారిపోతోంది, అందరూ వెనక్కి జరిగిపోయారు, నేను మాత్రం మడి మధ్యలో ఒక్కదాన్నే మొండి పాయలా మిగిలిపోయాను. ఏడుపొచ్చింది. అవ్వ ఒక్క మాట అన్నది. "ఏడ్వకు బిడ్డా, నడుం లేపి పాటకు పలుకు, చెయ్యి దానంతట అదే నడుస్తది." నేను పలికాను. కాసేపటికి చూస్తే నా మునుంలో నేను నాటని మొక్కలు కనిపించాయి. అటువైపు చిన్నమ్మ, ఇటువైపు అవ్వ తమ వరుసలు వేసుకుంటూనే చెయ్యి చాచి నా వరుసలో కూడా వేస్తూ వచ్చారు. ఎవరూ ఆ మాట పైకి అనలేదు, నన్ను ఆగమని గానీ గట్టు ఎక్కమని గానీ చెప్పలేదు.

పాట సంగతి కూడా చెప్పాలి. పొద్దున ఎత్తుకునేది మా అవ్వ. ఎండ ఎక్కి గొంతు బొంగురుపోయేసరికి ఒక చరణం చివర ఆగేది, ఆ ఆగిన చోటునుంచి మరొకరు ఎత్తుకునేవారు, నువ్వు పాడు అని ఎవరూ ఎవరికీ చెప్పేవారు కాదు. అవ్వ పాట వదిలిన తర్వాత, వెనుక పలికే గొంతుల్లో అందరికంటే గట్టిగా వినిపించేది ఆమె గొంతే.

పక్షులు ధైర్యం చెప్పుకోవడానికి అరుస్తాయన్న మాటను ఖండించాలని కూడా అనుకున్నాను. ఆ అరుపులు గుంపు చెదిరిపోకుండా, ఎవరు ఎక్కడున్నారో ఒకరికొకరు తెలుపుకోవడానికి అని చదివాను, ప్రోత్సాహం మనం తగిలించిన మాట. అయితే ఆ రోజు మడిలో కూడా ఎవరూ నాకు ధైర్యం చెప్పడానికి పాడలేదు కదా. చేతులన్నీ ఒకే లయలో పడాలని, పొద్దు తెలియకుండా గడవాలని పాడారు. నేను ఇక్కడ ఉన్నాను, నువ్వు అక్కడ ఉన్నావు అన్నంత మాత్రమే ఆ పాటలో ఉంది. నాకు అది చాలింది. కనుక ఆ శిక్షకుల మీద ఆ ఒక్క విషయంలో నా కోపం వెనక్కి తీసుకుంటున్నాను. 71 విషయంలో తీసుకోను.

భోజనాల దగ్గర ఇదంతా చెబితే ఆయన విని, "ఊళ్లో పిల్లలమర్రి పెట్టుకొని మీకు ఎక్కడి బాతులో ఎందుకు?" అన్నారు. అప్పుడు విసుక్కున్నాను గానీ, గిన్నెలు కడుగుతున్నప్పుడు ఆ మాట పట్టుకుంది. సుమారు 700 ఏళ్ల మర్రిచెట్టు అది, మూడెకరాలకు పైగా పరుచుకుంది, మొదటి మాను ఏదో చూపించమంటే చూడవచ్చినవారెవరూ చూపించలేరు. 2017 చివరలో చెదలు తొలిచిన పెద్ద కొమ్మ విరిగిపడి, చెట్టు దగ్గరికి ఎవరినీ పోనివ్వకుండా ఆపినప్పుడు, ఆ మరుసటి సంవత్సరం సెలైన్ సీసాలు వేలాడదీసి చుక్కచుక్కగా మందు ఎక్కించినప్పుడు, ఈ ఊరివాళ్లం ఇంట్లో మనిషికి జబ్బు చేసినట్టే బాధపడ్డాం. మర్రి ఊడ మొదట కొమ్మకు బరువే. గాలిలో వేలాడుతూ కొమ్మ మోస్తేనే బతుకుతుంది. నేలను తాకి వేరు పట్టిన తర్వాత అదే లావెక్కి మానై కొమ్మను మోస్తుంది. కింద నేల గట్టిపడి తాకనివ్వకపోతే మాత్రం ఊడ ఊడగానే ఉండిపోతుంది.

గిన్నె చేతిలో పట్టుకొని అక్కడ ఆగిపోయాను. ఎందుకంటే పొద్దున, సమావేశానికి బయలుదేరే ముందు, పోయిన డీఎస్సీలో వచ్చిన లెక్కల టీచరమ్మ నా దగ్గరికి వచ్చి, "మేడం, గ్రంథాలయం బీరువా తాళంచెవి నాకిస్తారా, రేపటినుంచి పుస్తకాలు నేను పంచుతాను" అని అడిగింది. నేను, "నేను తీస్తాలేమ్మా, నీకెందుకు శ్రమ" అన్నాను. ఆమె సరే మేడం అని వెళ్లిపోయింది. ఆ మాట ప్రేమతోనే అన్నాను. కానీ సాయంత్రం నా వైపు తలలు తిప్పినవారిలో ఆమె కూడా ఉంది, ఆ తల తిప్పడం ఆమెకు నేర్పింది ఎవరో ఇప్పుడు నేను అడగకుండా ఉండలేకపోతున్నాను.

అయినా ఆరేళ్ల బరువును నా ఒక్కదాని తప్పుగా ఒప్పుకోవడానికి మనసు రావడం లేదు. నేను జ్వరంతో రంగస్థలం కట్టించిన ఏడాది, మీరు కూర్చోండి అని చెయ్యి చాచినవారు ఒక్కరూ లేరు, ఆ బాధ నిజం, దాన్ని నేను కొట్టివేయలేను. వార్షికోత్సవం సంగతి సోమవారం స్టాఫ్ రూమ్‌లో మళ్లీ ఎత్తాలి, కోపం లేకుండా ఎత్తగలిగితే. తాళంచెవి మాత్రం ఇప్పుడే సంచిలోంచి తీసి, మరిచిపోకుండా ఉండాలని టిఫిన్ డబ్బా మీద పెట్టాను. ఆ బీరువా ఎడమ తలుపును కొంచెం పైకి ఎత్తి పట్టుకుంటే గానీ తాళం తిరగదు. ఆ సంగతి కూడా ఆమెకు చెప్పాలి.