బిర్యానీ యాడ్ నుంచి ఎఫ్-1 దాకా: మా కిక్కర్ కాగితాల గోల (నా అనుభవం)

ఐ-539, అంటే వీసా హోదా మార్చమని వేసిన దరఖాస్తు, అప్రూవ్ అయింది. మా అబ్బాయి ఇప్పుడు ఎఫ్-1, అంటే స్టూడెంట్ హోదా. ఆగస్టులో వాడికి ఇరవై ఒకటి నిండేలోపు ఈ కాగితం రాకపోతే ఏం చెయ్యాలా అని ఈ చలికాలమంతా ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదు. కోపం చల్లారితే మర్యాదలు అడ్డొస్తాయి కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను.

మావాడు తెనాలిలో పుట్టాడు, నాలుగేళ్లప్పుడు డల్లాస్ వచ్చాడు. చిన్నప్పుడు సాకర్. తొమ్మిదో తరగతిలో అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ వాడి కాలు చూసి కిక్కర్‌గా (బంతిని గోల్‌లోకి తన్నేవాడిగా) లాక్కుపోయాడు. మా ఆయన హెచ్-1 (ఉద్యోగ వీసా), నేనూ పిల్లాడూ హెచ్-4 (ఆయన మీద ఆధారపడిన కుటుంబ వీసా, పిల్లలకైతే ఇరవై ఒకటి నిండేదాకానే), గ్రీన్‌కార్డ్ క్యూలో, ఈబీ-2లో, ప్రయారిటీ డేటు 2015. తెలుగువాళ్లకి ఇంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు. టెక్సాస్‌లోనే ఒక పెద్ద యూనివర్సిటీలో ఆడుతున్నాడు. పేరు రాయను, వాడింకా అక్కడే ఆడాలి.

కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ వాళ్ల ఎలిజిబిలిటీ సెంటర్ (ఆడే అర్హత తేల్చే చోటు) గురించి అందరూ భయపెట్టారు గానీ అందులో ఏమీ లేదు. 16 కోర్ కోర్సులు, 2.3 జీపీఏ, ఓ సాయంత్రం కూర్చుంటే అయిపోయింది. 2023లో స్కాలర్‌షిప్ లేకుండా వాకాన్‌గా చేరాడు, ఆ ఏడాది రెడ్‌షర్ట్. అంటే నాలుగు మ్యాచ్‌లకి మించి ఆడకపోతే ఆ సీజన్ లెక్కలోకి రాదు. మొత్తం ఐదేళ్ల గడువు, అందులో నాలుగు సీజన్లు.

అసలు గొడవ 2025 వసంతంలో మొదలైంది. ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన కేసులో కుదిరిన రాజీ, హౌస్ సెటిల్‌మెంట్ అని మీరూ వినే ఉంటారు. పాత ఆటగాళ్లకి 2.8 బిలియన్ డాలర్ల పరిహారం, ఇక నుంచి యూనివర్సిటీలే ఆటగాళ్లకి నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, మొదటి ఏడాది ఒక్కో యూనివర్సిటీకి పరిమితి సుమారు 20.5 మిలియన్లు. పేపర్ల నిండా ఈ అంకెలే. మా ఇంట్లో మాత్రం ఒకటే అంకె: 105. అంతకుముందు ఫుట్‌బాల్ జట్టులో స్కాలర్‌షిప్పులు 85 ఉండేవి, వాకాన్లు ఎంతమందైనా ఉండొచ్చు. సెటిల్‌మెంటుతో స్కాలర్‌షిప్ పరిమితి ఎత్తేసి, జట్టు మొత్తానికి 105 అని గీత గీశారు. ఆ గీత కింద పడేది ఎవరు? మూడో కిక్కరు. కోచ్ మావాణ్ని పిలిచి ‘సారీ బడ్డీ’ అన్నాడట, అంతే.

జడ్జి క్లాడియా విల్కెన్ ఏప్రిల్‌లో సరిగ్గా ఈ విషయం దగ్గరే సంతకం ఆపేసింది. ఉన్న పిల్లల్ని రోడ్డున పడేస్తే ఎలా అంది. ఆవిడకి మా ఇంటి తరఫున వెయ్యి దండాలు. జూన్ 6న ఒప్పుకునేసరికి, ఈ పరిమితి వల్ల పోయినవాళ్ల పేర్లు ఒక జాబితాగా ఇవ్వాలనీ, వాళ్లని మళ్లీ తీసుకుంటే 105లో లెక్కపెట్టక్కర్లేదనీ తేలింది. అయితే తీసుకోవడం, తీసుకోకపోవడం యూనివర్సిటీ ఇష్టం. మీ పిల్లలకి ఇలాంటిది వస్తే ఒకటి గుర్తుపెట్టుకోండి: జాబితాలో పేరు ఉందో లేదో కోచ్‌ని అడగొద్దు, కాంప్లయన్స్ వాళ్లకి (యూనివర్సిటీలో రూల్స్ చూసే ఆఫీసు) మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెప్పించుకోండి. కోచ్‌ల నోటిమాట ఆగస్టు దాకా నిలవదు. మావాడి పేరు ఉంది. వెనక్కి తీసుకున్నారు. సీజన్ మధ్యలో మొదటి కిక్కర్‌కి గజ్జల్లో కండరం పట్టేసింది, మావాడు దిగాడు. నవంబర్‌లో ఎదురుగాలిలో 47 గజాల ఫీల్డ్ గోల్ కొట్టాడు. కావాలంటే వీడియో పంపిస్తాను, అడగకపోయినా పంపిస్తాను.

ఆ గోల్‌తోనే మా నెత్తిన పిడుగు పడింది.

మాకు తెలిసిన ఒంగోలాయనకి ఇక్కడ బిర్యానీ రెస్టారెంట్ ఉంది. మంచాయనే. ‘మన పిల్లోడమ్మా, రెండు వేల డాలర్లిస్తా, ఒక శనివారం మా షాపులో నిలబడి ఫోటోలు దిగితే చాలు, ఒక రీల్ చేస్తే చాలు’ అన్నాడు. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరూ బొమ్మా వాడుకోనిచ్చి డబ్బు తీసుకోవచ్చు కదా, అదే ఎన్‌ఐఎల్. కొత్త రూల్ ప్రకారం 600 డాలర్లకి చేరిన డీల్ ఏదైనా ఐదు పనిదినాల్లో ఎన్‌ఐఎల్ గో అనే సైట్‌లో చూపించాలి. డెలాయిట్ వాళ్లు దాన్ని నడుపుతారు. ‘ముందు ఆఫీసులో అడిగొస్తాను అంకుల్’ అని మావాడు ఒక్క సంతకం కూడా పెట్టలేదు. ఈలోగా ఈయన షాపు ముందు ఫ్లెక్స్ కట్టేశాడు. మామూలు ఫ్లెక్స్ కాదు. మధ్యలో జెర్సీతో మావాడు, పైన యూనివర్సిటీ లోగో, ఓ మూల వెంకటేశ్వరస్వామి, కింద ‘మన తెలుగు తేజం’ అని. పైగా గెలిచిన ఆనందంలో కిక్కర్లకీ పంటర్లకీ కలిపి గోట్ దమ్ బిర్యానీ రెండు ఫుల్ ట్రేలు పంపించాడు.

ఫ్లెక్స్ ఫోటో ఎవరో కాంప్లయన్స్ ఆఫీసుకి పంపారు. ఎవరో నాకు తెలుసు, వాళ్లబ్బాయి ఆ ఏడాదే కట్ అయ్యాడు.

మావాడు ‘అమ్మా, నువ్వూ రా’ అంటే వెళ్లాను. చిన్న గది, గోడ నిండా కప్పులు, బల్ల అవతల ఇద్దరు. ఒకావిడ కాంప్లయన్స్, ఇంకొకాయన ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ ఆఫీసు నుంచి. ఆయన మావాడితో ఒక్కో మాటా విడగొట్టి, చెవిటివాడితో చెప్పినట్టు మాట్లాడుతున్నాడు: ‘డూ, యూ, అండర్‌స్టాండ్, వీసా?’ అని. మావాడు ‘యెస్ సర్, ఐ గ్రూ అప్ ఫార్టీ మినిట్స్ ఫ్రమ్ హియర్’ అన్నాడు, టెక్సాస్ యాసలో. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. మళ్లీ అలాగే నెమ్మదిగా, ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు రికార్డు) ఎక్కడ అన్నాడు.

తర్వాత ఆవిడ మొదలెట్టింది. ఫ్లెక్స్ కట్టమని ఎవరు చెప్పారు? డబ్బు ముట్టిందా? మరి ఈ ఆహారం దేనికి? మావాడు ఎంత తిన్నాడు? ల్యాప్‌టాప్‌లో రెస్టారెంట్ మెనూ తెరిచి, గోట్ దమ్ బిర్యానీ ఫుల్ ట్రే ధర చూసి, ఎంతమంది తిన్నారో అడిగి, భాగించి ఒక గడిలో రాసుకుంది. ‘రైతా విడిగా వచ్చిందా, అందులో భాగమా?’ అని కూడా అడిగింది. ఇరవై మిలియన్లు పంచే యూనివర్సిటీ అది. ఆ పక్క గదిలోనే క్వార్టర్‌బ్యాక్ ఏజెంటు కాంట్రాక్టు మాట్లాడుకుంటున్నాడు. ఇక్కడ నేను తలకాయ వంచుకుని రైతా లెక్క చెబుతున్నాను. నవ్వొస్తోందా? ఆ గదిలో మాకు రాలేదు. మావాడి చెవులు ఎర్రగా కందిపోయాయి. వాడు తిన్న వాటా ధర ఏదైనా చారిటీకి కట్టి రసీదు తెమ్మన్నారు. ఫుడ్ బ్యాంకుకి కట్టాం. ఆ రసీదు దాచిపెట్టాను.

చివర్లో అసలు మాట చెప్పారు. డీల్ కుదరదు. కోచ్ కొత్తగా ఇస్తానన్న రెవెన్యూ షేర్ (యూనివర్సిటీ నేరుగా ఇచ్చే డబ్బు) కాంట్రాక్టు మీదా సంతకం పెట్టకూడదు. హెచ్-4 పిల్లలకి పని చేసే హక్కు లేదు. ఇక్కడ ఒక వింత చూడండి. నాదీ హెచ్-4. మా ఆయన ఐ-140 (గ్రీన్‌కార్డ్ పిటిషన్) అప్రూవ్ అయింది కాబట్టి నాకు ఈఏడీ (పని చేసే అనుమతి కార్డు) ఉంది, ఉద్యోగం చేస్తున్నాను. వాడిదీ అదే హెచ్-4, అదే ఐ-140, వాడికి మాత్రం లేదు. ఎందుకంటే ఆ రూలు భార్యాభర్తలకే.

లాయర్ల దగ్గరికి వెళితే తలో మాట. ఒకాయన ‘ఊరికే ఫోటో హక్కు ఇస్తే పని కాదు’ అన్నాడు, ఇంకొకాయన ‘రీల్ చేస్తే అది పనే’ అన్నాడు. మూడో ఆవిడ బహామాస్ కథ చెప్పింది. కెంటకీలో బాస్కెట్‌బాల్ ఆడిన ఆస్కర్ షిబ్వే, కాంగో అబ్బాయి, 2022 ఆగస్టులో జట్టు బహామాస్ టూర్‌కి వెళ్లినప్పుడు యాడ్లన్నీ అక్కడే చేసుకొచ్చాడు, అమెరికా నేల మీద కాదు కాబట్టి చెల్లింది. ఇది వినగానే ఒంగోలాయన ‘అయితే ఒంగోల్లోనే తీద్దామమ్మా, టికెట్ నాది’ అని ఎగిరి గంతేశాడు. 2025 డిసెంబర్‌లో సోషల్ మీడియా తనిఖీ అని హెచ్-1, హెచ్-4 స్టాంపింగ్ అపాయింట్‌మెంట్లు ఎలా నెలలకి నెలలు వెనక్కి పోయాయో అందరం చూశాం. బిర్యానీ రీల్ కోసం హైదరాబాద్ వెళ్లి మావాడు అక్కడే ఇరుక్కుపోతే? వద్దన్నాను.

స్కాలర్‌షిప్ మాత్రం జీతం కాదు, తీసుకోవచ్చని ముగ్గురూ ఒప్పుకున్నారు. 85 పరిమితి పోయింది కాబట్టి కోచ్ సగం ఫీజు రాశాడు. దానికి మాత్రం ఆయనకి నమస్కారం.

ఇక ఎఫ్-1. యూనివర్సిటీ నుంచి ఐ-20 కాగితం తెచ్చుకోవడం, సెవిస్ (విద్యార్థుల రికార్డు వ్యవస్థ) ఫీజు 350 డాలర్లు, ఐ-539 వేయడం, ఎదురుచూడటం. పుట్టినరోజుకి చాలా ముందే వేయండి. లాయర్ అవసరం ఉంటుందో లేదో మీరే చూసుకోండి గానీ, పావుగంటకి ఇంత అని బిల్లేసే లాయర్‌కి మాత్రం ఫోన్ చేసి కుశల ప్రశ్నలు వేయకండి.

గుళ్లో కనిపించిన ప్రతి అంకుల్ ‘ఫుట్‌బాల్ ఎందుకమ్మా, కంప్యూటర్ సైన్స్ చేయించు’ అనేవాడే. వాడు చేస్తున్నది కంప్యూటర్ సైన్సే అండీ. మీ పిల్లాడి ఇంటర్న్‌షిప్ గురించి నేనెప్పుడైనా అడిగానా?

ఎలిజిబిలిటీ మీద ఇప్పుడు దేశమంతా కోర్టులే. వాండర్‌బిల్ట్ క్వార్టర్‌బ్యాక్ డియెగో పావియా, జూనియర్ కాలేజీలో ఆడిన ఏళ్లు లెక్కపెట్టొద్దని కోర్టుకెళ్లి 2024 డిసెంబర్‌లో ఇంకో సీజన్ తెచ్చుకున్నాడు, ఆ సీజన్‌లో హైస్‌మన్ (ఏటా ఉత్తమ కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాడికిచ్చే అవార్డు) రేసులో రెండో స్థానంలో నిలిచాడు. మంచిదే. మావాడి ఇరవై ఒకటో పుట్టినరోజుని ఏ కోర్టు వాయిదా వేస్తుంది? రెడ్‌షర్ట్ తీసేసి ఐదేళ్లలో ఐదు సీజన్లూ ఆడనివ్వాలని ఇంకో వాదన. మావాడి మొదటి ఏడాది ఎలాగూ బెంచీ మీద అయిపోయింది, 2027 సీజన్‌తో వాడి ఆట ముగుస్తుంది. అందులో మాకు ఒరిగేదేమీ లేదు.

నాకు ఆశ ఉన్నది వేరే చోట. ఆటగాళ్లు ఉద్యోగులవుతారేమోనని యూనివర్సిటీలన్నీ హడలిపోతున్నాయి. జాన్సన్ కేసులో ఫిలడెల్ఫియా అప్పీల్ కోర్టు 2024 జులైలో కాలేజీ ఆటగాళ్లు కార్మిక చట్టం కింద ఉద్యోగులు కావచ్చనే చెప్పింది. ఎన్‌ఐఎల్ డీల్ అంటే బయటి పని, అది ఎఫ్-1కి చిక్కు. యూనివర్సిటీయే జీతమిచ్చే ఉద్యోగమైతే అది క్యాంపస్ పని. ఎఫ్-1 వాళ్లు సెమిస్టర్‌లో క్యాంపస్ మీద వారానికి 20 గంటలు పని చేయొచ్చు, డైనింగ్ హాల్లో మన పిల్లలు చేస్తున్నది అదే. ఎన్‌సీఏఏ రూల్ ప్రకారం సీజన్‌లో ప్రాక్టీసూ మ్యాచూ కలిపి వారానికి ఎంత ఉండాలో తెలుసా? ఆ 20 గంటలే! అందరూ భయపడే ఆ ‘ఉద్యోగి’ అన్న మాటే మావాడిలాంటి వాళ్లకి దగ్గర దారి అవుతుంది. పేరున్నవాళ్లకి అటూ ఇటూ డబ్బొస్తుంది, కిక్కర్‌కి గంటకింత అని జీతం ఇస్తే చాలు.

ఈ పాయింటు లాయర్ గారికి మెయిల్ రాశాను. ‘ఆసక్తికరమైన ఆలోచన, చట్టం ఇంకా తేలలేదు’ అని రెండు ముక్కల జవాబొచ్చింది. దాని వెనకే పావుగంట బిల్లు కూడా.